పెళ్లిపూలు ఎవరి దగ్గర కొనాలి?

తడలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు చెన్నై కోయంబేడు పూలమార్కెట్టు దగ్గరే. 1996లో మొదలైన మార్కెట్టు అది. కానీ బేరానికి ముందు ముహూర్తం చూసుకోండి. మల్లెలకు వేసవే అదను. మాఘమాసం పెళ్లిళ్లకు మొగ్గ దొరకడం కష్టం, ధరా మండిపోతుంది. అప్పుడు జడకు కనకాంబరాలే నయం. వాసన లేకపోయినా తొందరగా వాడవు, తలకు బరువూ ఉండదు.

మల్లెమొగ్గ సాయంత్రానికే విచ్చుకుంటుంది. తెల్లవారుజాము ముహూర్తమైతే, పూలు రాత్రంతా తడిగుడ్డలో చల్లగా ఉంచుతారా అని కొట్టువాళ్లను అడగండి. వాళ్లు కట్టిన దండ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పూల మధ్య దారం కనబడకూడదు. మూర ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఎన్ని అడుగులో ముందే చెప్పండి. డబ్బు మాత్రం మొత్తం ముందే ఇవ్వకండి. దండలు పందిట్లోకి వచ్చాకే మిగతాది ఇవ్వండి.