చెట్టు మనదట, నేల సర్కారుదట!
(పరవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరవాడలో నిలబడి భూమి గురించి చెప్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే. సింహాద్రి కరెంటు కేంద్రం మీ కళ్ల ముందే లేచింది. 2002లో కరెంటు తీసింది. తర్వాత ఫార్మాసిటీ దిగింది. భూమి పోతే ఏమవుతాదో మీకు మేం చెప్పక్కర్లేదు. చట్టం మన భూమిని ఏ కళ్లతో చూస్తుందో, అది చెప్పడానికొచ్చాం.

చట్టం ఆస్తిని రెండు ముక్కలు చేసింది. స్థిరాస్తి ఒకటి, చరాస్తి ఒకటి. నేల, ఇల్లు స్థిరాస్తి. గొడ్డూ గోదా, బండి, ధాన్యం బస్తా చరాస్తి. ఇంతవరకు బడిపిల్లడికైనా తెలుసు. చిక్కంతా మధ్యన ఉంది. చేలో నిలిచిన వరి, కొట్టడానికి సిద్ధంగా ఉన్న కలప చెట్టు నేలలోనే ఉన్నా చరాస్తే. జీడి, మామిడి, తాడి ఏళ్ల తరబడి నేల రసం తాగి కాపునిచ్చేవి గనక స్థిరాస్తి. ఇంకో తమాషా వినండి. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో చెట్టు మీది కాయ, చెట్టులోని రసం చరాస్తి అని రాసుంది. అంటే తాటిచెట్టు స్థిరాస్తి, అందులోని కల్లు చరాస్తి! నవ్వొస్తుంది గానీ, ఈ తేడాతోనే కొంపలు మునిగాయి.

ఎలాగంటారా? 100 రూపాయలో, ఆ పైనో చేసే స్థిరాస్తిని రిజిస్టరు కాగితం లేకుండా అమ్మితే చెల్లదు. ఒరిస్సా చిలకసరస్సులో చేపలు పట్టుకునే హక్కుని కొందరు రాజుకి సొమ్ము కట్టి కొనుక్కున్నారు. రసీదులున్నాయి, రిజిస్ట్రేషన్ లేదు. ఎస్టేటు సర్కారు చేతికి పోయింది. 1955లో సుప్రీంకోర్టు ఏమందంటే, పట్టిన చేప సంగతి వేరు, సరస్సులోకి దిగి చేపలు పట్టుకునే హక్కు స్థిరాస్తి, నోటిమాటతో అది రాదు అంది. సొమ్ము పోయింది, హక్కూ పోయింది. మన పేటల్లో తెల్లకాగితం మీద వేలిముద్రలేసి కొన్న తోటలెన్నున్నాయో లెక్కేసుకోండి.

ఇక అసలు సంగతి. డి-పట్టా భూముల దగ్గర ఏటి జరిగిందో చెప్తాం. ఒక ముసలమ్మతో మేం ఆఫీసుకెళ్లాం. పాతికేళ్లు బిందెలతో నీళ్లు మోసి పెంచిన జీడితోట ఆవిడది. "నేల సర్కారుదే, మీకు చెట్ల డబ్బులొస్తాయి" అన్నాడు అక్కడి గుమాస్తా. "మరి సెట్టు గాల్లో మొలిసిందేటి బాబూ?" అంది ముసలమ్మ. ఆయన దగ్గర జవాబు లేదు. పెద్దరైతు చేతిలో ఉంటే అది స్థిరాస్తి. అదే నేల మాల మాదిగల చేతికొచ్చేసరికి మూటగట్టుకుని లేచిపొమ్మనే చరాస్తయిపోద్ది. ఈ మాయ ఏ చట్టంలో రాసుందని మేం అడుగుతున్నాం.

రాసి లేదు. పాత 1894 భూసేకరణ చట్టంలోనే భూమి అంటే నేలను అంటుకున్నవి కూడా అని ఉంది. నేలనీ చెట్టునీ విడదీసి బేరమాడమని ఎక్కడా లేదు. 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం, చేవెళ్ల వైపు నుంచి వచ్చిన మేకల పాండు కేసులో, అసైన్డు భూమి తీసుకున్నా పట్టా రైతుతో సమానంగా పరిహారం, సొలేషియం ఇవ్వాలని తేల్చింది. 2013 చట్టం భూయజమాని అన్న మాటలోనే అసైన్డు భూముల వాళ్లని చేర్చింది. సొలేషియం నూటికి నూరు చేసింది. సెంటు భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే కూలికో కౌలుకో బతికినవాళ్లనీ నష్టపోయిన కుటుంబాలుగా లెక్కేసింది. ఈ సంగతి కూలి జనానికి ఎవరూ చెప్పడం లేదు.

పని దగ్గరకొద్దాం. పంచనామా రాసేటప్పుడు దగ్గరుండండి. ఎన్ని చెట్లు, ఏ ఈడువి, నుయ్యి ఉందా, పాక ఉందా, అన్నీ రాయించాకే వేలిముద్ర వెయ్యండి. డబ్బు తక్కువైతే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని కాగితం మీద రాసి మరీ తీసుకోండి. ఆ మాట రాయకపోతే ఎక్కువ అడిగే దారి మూసుకుపోద్ది. అవార్డు రోజు అక్కడున్నవాళ్లకి అర్జీ గడువు ఆరు వారాలే.

ఇంటికెళ్లగానే ట్రంకుపెట్టె తెరవండి. డి-పట్టా, అడంగల్ నకలు, శిస్తు రసీదు ఏది దొరికితే అది తీసి, చెదలు పట్టకముందే నకళ్లు తీయించండి. వచ్చే సభకి అవి పట్టుకురండి, కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం.