కాఫీ కొండల దేశం, రెండు ఒలింపిక్ పతకాలు

ఈ ఎపిసోడ్ అరకు లోయ నుంచి. చుట్టూ కాఫీ తోటలు, వాటికి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు. ఇలాంటి కాఫీ కొండలే ఉన్న ఇంకో చోటు గురించి ఇవాళ చెప్తాను. ఆఫ్రికాలోని బురుండి.

పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు మూడూ కలిపితే ఎంతో, అంతకంటే కొంచెం పెద్ద దేశం. సముద్రం లేదు, డబ్బు లేదు. ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా వచ్చినవి రెండే పతకాలు. రెండేనా అంటారేమో! అవి ఎలా వచ్చాయో చూడండి.

ద్యుదొన్నే క్విజేరా అని ఒక రన్నర్. 1988లో, 1992లో ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయాడు. ఎందుకంటే దేశానికి గుర్తింపు ఉన్న ఒలింపిక్ కమిటీయే లేదు. కమిటీ లేకపోతే ఎంట్రీ లేదు, అంతే. ఆ గుర్తింపు 1993లో వచ్చింది. అదే ఏడాది అక్కడ అంతర్యుద్ధం కూడా మొదలైంది.

1996 అట్లాంటా. వెనూస్త్ నియోంగాబో 1500 మీటర్లలో అంతకు ముందు ఏడాదే ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచినవాడు. అలాంటివాడు తన 1500 చోటుని క్విజేరాకి వదిలేశాడు. తను 5000 మీటర్లకి మారాడు. జూలై 25న స్వదేశంలో సైనిక తిరుగుబాటు. ఆగస్టు 3న ఫైనల్. 13 నిమిషాల 7.96 సెకన్లు. కెన్యా రన్నర్ సెకనులో ఐదో వంతు వెనక. బంగారం! ఆ దేశం ఆడిన మొట్టమొదటి ఒలింపిక్స్ అది. మనకి మొదటి వ్యక్తిగత బంగారం అభినవ్ బింద్రా తెచ్చింది 2008లో కదా.

రెండోది 2016 రియోలో. 800 మీటర్లలో ఫ్రాన్సిన్ నియోన్సాబాకి రజతం. తర్వాత హార్మోన్ నిబంధనలు మారి, 2019 నుంచి ఆమెకి 800 పరిగెత్తే వీలు పోయింది. ఆమె ఆగలేదు, దూరం పెంచుకుంది. 2021 టోక్యోలో 10,000 మీటర్లలో ఐదో స్థానం. అదే సెప్టెంబరులో 2000 మీటర్లలో ప్రపంచ రికార్డు.

ఇప్పుడు మన కొండలకి వద్దాం. మన ఏజెన్సీ పిల్లలకి దమ్ము పుట్టుకతోనే ఉంటుందని అందరూ అంటుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ బురుండి 1988లో కూడా కొండల్లోనే ఉంది. అప్పుడు వాళ్ల రన్నర్ ఇంట్లో కూర్చున్నాడు. పేరు రాసి పంపే వ్యవస్థ వచ్చాకే పతకం వచ్చింది.

అందుకని ఆశ్రమ పాఠశాలల టీచర్లకి ఒక్క మాట. ఎవరైనా పిల్ల బాగా పరిగెడుతోంది అనిపిస్తే మెచ్చుకుని వదిలేయకండి. వాచీ పెట్టి టైం రాయండి. వయసు కాగితాలు సరిచూడండి. జిల్లా సెలక్షన్ ఎప్పుడో కనుక్కుని, ఎంట్రీ గడువులోగా పేరు పంపండి. కొండ ఎక్కడం ఆ పిల్లకి వచ్చు. కొండ దిగి గ్రౌండ్ దాకా వెళ్లే బస్సు ఛార్జీ మాత్రం పెద్దవాళ్లమే చూడాలి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.