పై చదువుకు దారి ఖర్చు



పీజీ చదువులకు అందే ఆర్థిక సాయం గురించి, దాని చరిత్ర గురించి మాట్లాడమని మన మాస్టారి స్మారక సభ నిర్వాహకులు అడిగారు. మొత్తం చరిత్ర నా వల్ల కాదు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే ఎదురయ్యేంత మటుకు చెబుతాను. మాస్టారు జీవితమంతా నడిచిన దారి కూడా అదే.

మొదట గోల్డెన్ త్రెషోల్డ్ దగ్గర ఆగుదాం. అది అఘోరనాథ్ చటోపాధ్యాయ కుటుంబం ఇల్లు. ఎడిన్‌బరోలో డి.ఎస్సీ. చేసి వచ్చి, హైదరాబాదులో ఇంగ్లిషు చదువుకు పునాది వేసినవారిలో ఆయనొకరు. 1883లో చాందా రైల్వే ఒప్పందం మీద జనం తరఫున ప్రశ్నలు వేశారని నిజాం ప్రభుత్వం ఆయన్ని రాజ్యం నుంచే పంపేసింది. తర్వాత మళ్లీ పిలిపించుకుంది. 1895లో అదే ప్రభుత్వం ఆయన కూతురు సరోజినికి స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండు పంపింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ గట్టెక్కిన పిల్ల. లండన్‌లో కింగ్స్ కాలేజీ, కేంబ్రిడ్జిలో గర్టన్ చూసి, 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చి, డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని పెళ్లాడింది. ఈ డిగ్రీ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అది ప్రభువు దయ మీద వచ్చిన సొమ్ము. దర్బారులో మాట చెల్లే తండ్రి లేని పిల్లకు ఆ దయ అందేది కాదు. జిల్లాల నుంచి వచ్చే తెలుగు కుర్రాడికైతే లండన్ మాట దేవుడెరుగు, హైదరాబాదులో తిండీ వసతీ దొరకడమే గగనం. ఆ లోటు చందాలతో తీర్చినవాళ్లున్నారు. తర్వాత నగర కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1918లో సంస్థానాధీశుల్ని, భూస్వాముల్ని కదిలించి రెడ్డి హాస్టల్ పెట్టించారు. అబిడ్స్‌లో ఉన్న ఆ హాస్టల్‌ను సురవరం ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి చూసుకున్నారు. 1985లో నాంపల్లిలో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరే పెట్టారు. మరికొన్ని కులాలవాళ్లూ ఇదే బాట పట్టి హాస్టళ్లు కట్టుకున్నారు. కులం పేరుతో కట్టినదానికి కులం గోడ కూడా ఉంటుంది, కాదనను. చందా ఇచ్చే స్తోమత ఉన్నవాళ్లు తమలో లేని కులాల పిల్లలు ఆ గోడ బయటే ఉండిపోయారు.

ఆ గోడను దాటించింది ప్రభుత్వ పథకమే. 1944లో షెడ్యూల్డు కులాలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో ఉన్న అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో కొలంబియాలో చదివిన మనిషి. బదులుగా బరోడా కొలువులో పదేళ్లు పనిచేస్తానని సంతకం పెట్టాల్సి వచ్చింది. ఇతరుల దయ మీద చదవడం ఎలా ఉంటుందో ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

మళ్లీ గోల్డెన్ త్రెషోల్డ్‌కి వద్దాం. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టింది. మొదట పనిచేసింది ఈ ఇంట్లోనే. పీజీ, పరిశోధన కోసమే పెట్టిన కేంద్రీయ విశ్వవిద్యాలయం అది. ఫెలోషిప్ డబ్బుతోనే బతుకుతూ, ఇంటికీ కాస్త పంపే తరం అక్కడ తయారైంది. 2015లో యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ ఎత్తేస్తానంటే దేశమంతా విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ మొత్తం పీహెచ్‌డీకి నెలకు 8 వేలు, ఎంఫిల్‌కి 5 వేలు. 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న ఈ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ లక్షా 75 వేలు రావాలనీ, అది ఇంటికి అందేలా చూడమనీ ఆఖరి ఉత్తరంలో రాశాడు. ఆ మరణాన్ని బకాయిల లెక్కకు కుదించడం తప్పు. కానీ ఆ లెక్క ఆ ఉత్తరంలో ఉంది.

ఇప్పుడు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు 37 వేలు. విదేశీ చదువుకు ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ విద్యానిధి, బీసీలకు ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకం ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకపోతే తెలంగాణ 20 లక్షల దాకా ఇస్తుంది. నాంపల్లి హజ్ హౌస్ మెట్ల మీద ఈ దరఖాస్తుల ఫైళ్లు పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రుల్ని చూసే ఉంటారు. ఇంత మొత్తం నిజాం కూడా ఇంతమందికి ఇవ్వలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే ఆ డబ్బు ఎప్పుడొస్తుందో చూడండి. పిల్ల విమానం దిగి, ల్యాండింగ్ పర్మిట్, అమెరికా అయితే ఐ-94, చూపించాక మొదటి 10 లక్షలు. మొదటి సెమిస్టర్ మార్కులు చూపించాక రెండో 10 లక్షలు. సరోజినికి ఈ నిబంధనే పెట్టి ఉంటే రెండో విడత అందేదో లేదో! అది సరదాకి అన్నాను. అసలు చిక్కు మొదటి విడతతోనే ఉంది. వీసా ఇంటర్వ్యూకి ముందే ఏడాది ఖర్చు చూపాలి, ఫీజు డిపాజిట్ కట్టాలి, వీసా వచ్చాక టికెట్ కొనాలి. ఆ డబ్బు 5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంట్లో ఎక్కడుంటుంది? పుస్తెలతాడు తాకట్టు పెడతారు, లేదా నూటికి రెండు వడ్డీకి తెస్తారు. చేతిలో కాస్త ఉన్నవాడికి ఆ నిధి మిగులు, లేనివాడికి అది అప్పు తీర్చే పైకం.

బ్యాంకు రుణం ఉంది కదా అంటారు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టూ హామీదారూ అక్కర్లేదు, నిజమే. అది దేశంలోని ఎంపిక చేసిన సంస్థలకే. ఇక్కడి మామూలు కాలేజీలో ఎంఎస్సీ చదివేవాడికి దిక్కు ప్రభుత్వ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చే ఈపాసే. కోర్సు అయిపోయినా రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే యాజమాన్యాలను మీరూ చూశారు.

మాస్టారికి ఇవన్నీ తెలుసు. ఆదాయ ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ, ఆధార్, పాస్‌బుక్కు మొదటి పేజీ ఆ వరసలోనే గుచ్చాలని పట్టుబట్టేవారు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో రిజిస్టర్డు రసీదు తీసుకునేదాకా కుర్రాణ్ణి వదిలేవారు కాదు. అంతకన్నా ముఖ్యమైన పని ఒకటి చేసేవారు. స్కాలర్‌షిప్ పడేలోగా ఫీజు తన జీతంలోంచి కట్టి, వచ్చాక తిరిగి తీసుకునేవారు. వడ్డీ మాట ఎత్తేవారు కాదు.

మీరు పోగు చేస్తున్న స్మారక నిధి గురించి నా మనవి ఇదే. బంగారు పతకాలు వద్దు. ఫస్టొచ్చినవాడికి ఇచ్చే నగదు బహుమతీ వద్దు. విద్యానిధికి ఎంపికై, మొదటి విడత ఇంకా చేతికి రాని పిల్లలకు టికెట్టుకీ డిపాజిట్టుకీ వడ్డీ లేకుండా సర్దండి. వాళ్లు తిరిగి కట్టినదాన్ని మరుసటి ఏడాది పిల్లలకు ఇవ్వండి. ప్రభుత్వాన్ని మాత్రం ఒక్కటే అడగండి: మొదటి విడత ఐ-94 చూసి కాదు, వీసా చూసి ఇమ్మని.