"సార్ రాలేదా మేడమ్?"

(ఆగిరిపల్లిలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను భూమి హక్కుల మీద మాట్లాడమని పిలిచారు. నా పరిశోధన అదే. కానీ ఈ రోజు నా కారు గురించి చెబుతాను. నవ్వకండి. మీలో కొందరు గ్రూపు అప్పుతో వ్యాన్లు, ఆటోలు కొని నున్న మార్కెట్టుకి మామిడికాయ తోలుతున్నారు. సీజనులో బండి నాలుగు రోజులు షెడ్డులో పడితే చెట్టున కాయ ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు. అందుకని ఇది నాకంటే మీకే ఎక్కువ అవసరమైన సంగతి.

పోయిన మే నెలలో విజయవాడ నుంచి నూజివీడు వస్తున్నాను. శోభనాచలం కొండ కనిపిస్తుండగా కారు వణకడం మొదలెట్టింది. చలిజ్వరం వచ్చిన మనిషి ఎలా వణుకుతుందో అలా. యాక్సిలరేటరు తొక్కితే లాగదు. ఎదురుగా ఇంజను గుర్తున్న పసుపుపచ్చ లైటు ఆరి వెలుగుతోంది. కారుకి ఏడేళ్ళు, వారంటీ ఎప్పుడో అయిపోయింది.

మర్నాడు విజయవాడలో కంపెనీ వాళ్ళ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. కౌంటరులో కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "సార్ రాలేదా మేడమ్?" సార్ లేరన్నాను. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు, పెట్టాను. మధ్యాహ్నానికి ఎస్టిమేటు వచ్చింది. నాలుగు కాయిళ్ళు, నాలుగు ప్లగ్గులు, నాలుగు ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ క్లీనింగు, సాఫ్ట్‌వేరు అప్‌డేటు, అంతా కలిపి రూ. 46,800. "ఇలాగే నడిపితే ఇంజనే పోతుంది మేడమ్. కావాలంటే సార్‌తో ఒకసారి ఫోను చేయించండి, వివరంగా చెబుతాం" అన్నాడు.

వివరం సార్‌కి, బిల్లు నాకు!

అప్పుడు జాబ్ కార్డు తీసి చదివాను. అవసరమని తోచిన ఇతర మరమ్మతులకు కూడా నా అంగీకారం ఉన్నట్టు చిన్న అక్షరాల్లో ఉంది. చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండని పదిహేనేళ్ళుగా ఊరూరా తిరిగి చెప్పినదాన్ని నేను. డాక్టరేటు ఉన్నదాన్ని. బానెట్ కింద ఉన్నది మగవాళ్ళ లోకమని నేనూ ఒప్పేసుకున్నాను కాబట్టే చదవలేదు.

నాలుగూ పాడయ్యాయని ఎలా తెలిసిందని అడిగాను. "సిస్టమ్ చూపిస్తోంది మేడమ్" అన్నాడు. సిస్టమ్ చూపించింది కాగితం మీద ఇమ్మన్నాను. చాలాసేపు నిలబెట్టి ఇచ్చారు. అందులో ఉన్నది ఒకే ఒక్క కోడ్, పి 0303.

దీని అర్థం తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మీకు రెండు నిమిషాలు చాలు. నా కారు ఇంజనులో నాలుగు సిలిండర్లు, నాలుగు పొయ్యిలనుకోండి. ఒక్కో పొయ్యి మండాలంటే గాలి కలిసిన పెట్రోలు కావాలి, సమయానికి నిప్పురవ్వ కావాలి, లోపల ఒత్తిడి బిగువుగా ఉండాలి. వీటిలో ఏది తప్పినా ఆ పొయ్యి మండదు. దాన్నే మిస్‌ఫైర్ అంటారు. మూడు పొయ్యిలు మండి ఒకటి మండకపోతే బండి వణుకుతుంది. కోడ్ చివర ఉన్న 3 మూడో సిలిండరు. ఎక్కడ మండటం లేదో కోడ్ చెబుతుంది. ఎందుకు మండటం లేదో చెప్పదు. ఆ ఎందుకు అన్నది మనిషి వెతకాలి. అక్కడ ఎవరూ వెతకలేదు.

పని చేయించనని చెప్పి, చెకింగు చార్జి కట్టి, మెల్లగా నడుపుకుంటూ ఇక్కడికి వచ్చేశాను. లైటు అలా కొట్టుకుంటున్నప్పుడు నడపకూడదట. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడి కన్వర్టరును కాల్చేస్తుంది, అది చాలా ఖరీదైన సామాను. నాకు తెలియక నడిపాను. మీరు నడపకండి.

మీ సంఘంలో ఒకావిడ తనకి తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కూడా మొదట మా వెంట వచ్చిన ఆవిడ భర్తతోనే మాట్లాడాడు! కారు నాదని చెప్పాక నావైపు తిరిగాడు. అయితే చేసే ప్రతి పనీ చూపించి చేశాడు. మూడో సిలిండరు మీది కాయిలు రెండోదానికి, రెండోది మూడోదానికి మార్చి ఇంజను నడిపాడు. చేతిలోని చిన్న స్కానరు ఈసారి పి 0302 చూపించింది. కాయిలుతో పాటు జబ్బూ జరిగింది. మారకపోతే ప్లగ్గు మార్చి చూసేవాణ్ణనీ, తర్వాత ఇంజెక్టరు, ఆఖరికి కంప్రెషన్ చూడాలనీ చెప్పాడు. ఈ పరీక్షకు పావుగంట పట్టింది, ఖర్చేమీ లేదు.

ఆ తర్వాత ప్లగ్గు ఉండే గుంటలోకి టార్చి వేసి నన్ను వంగి చూడమన్నాడు. అడుగున ఇంజనాయిలు. పైమూత గ్యాస్కెట్ గట్టిపడి ఆయిలు కారి కాయిలు రబ్బరు పాడయింది. "కొత్త కాయిళ్ళు వేసి దీన్ని వదిలేస్తే మళ్ళీ వస్తారమ్మా" అన్నాడు. ఆ గ్యాస్కెట్ ఎస్టిమేటులో లేనే లేదు. విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించిన కాయిలు 1,900, ప్లగ్గులు 800, గ్యాస్కెట్ 650, ఆయన కూలి 500. మొత్తం 3,850 రూపాయలు.

గెలిచానని సంబరపడుతూ ఇంటికెళ్ళాను. తర్వాత ఆ అయిదువందలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయనకున్న జ్ఞానానికి మనం కట్టే విలువ అదీ. అలాగని పెద్ద షెడ్డులో అందరూ దొంగలనీ, రోడ్డు పక్కవాళ్ళంతా ధర్మాత్ములనీ నేను అనడం లేదు. నెలకింత బిల్లు చూపించాలని ఆ కౌంటరు కుర్రాడే చెప్పుకున్నాడు. ఇంకొకటి గమనించాను. అక్కడ రిసెప్షన్లో, బిల్లింగులో అమ్మాయిలున్నారు. కారు కింద ఒక్కరూ లేరు.

ఈ జ్ఞానం ఎవరి గుప్పెట్లో ఉండాలన్నది మన ఊరి తగాదా మాత్రమే కాదు. విడిభాగాలు, పరీక్ష పరికరాలు, మరమ్మతు పుస్తకాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నాయని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరుతో పోర్టల్ తెరిచింది. దాని కబురు ఆ షెడ్డు దాకా రాలేదు.

చట్టం సంగతి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునే బండి కొన్న స్త్రీ కూడా వినియోగదారే. వ్యాపారం బండి కదా, మీకు వర్తించదంటే నమ్మకండి. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. షోరూము ఉన్న ఊరికే పోనక్కర్లేదు, మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. గడువు రెండేళ్ళు. ముందు సలహా కావాలంటే 1915కి ఫోను చేయండి. ఇవన్నీ పనికి రావాలంటే చేతిలో కాగితం ఉండాలి. సంతకానికి ముందు జాబ్ కార్డు చదవండి. "నాకు ఫోను చేసి ఒప్పించాకే అదనపు పని" అని మీ చేత్తో రాయండి. కోడ్ కాగితం అడగండి. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

డీజిలు వ్యానుకి ప్లగ్గులు, కాయిళ్ళు ఉండవు. అది వేరే లెక్క. భోజనాలయ్యాక ఆ మెకానిక్కే వస్తానన్నాడు, బయట నిలిపిన వ్యాను బానెట్ ఎత్తి మీకే చూపిస్తాడు. ఈలోగా నా పాత కాయిలు ఇదిగో, సంచిలో తెచ్చాను. వెనక వరుస దాకా చేతులు మారనివ్వండి. రబ్బరు దగ్గర ఇంకా జిడ్డుంది, చీరలు జాగ్రత్త.