కోకిల – చాతకము



కావ్యములలో కోకిలయు, చాతకమును మనకు చిరపరిచితములు. తోటలో కనబడినపుడు మాత్రము ఏది యేదో గుర్తింపజాలము. రెండును ఒకే కుటుంబమునకు చెందిన పక్షులు.

కోకిల సుమారు 17 అంగుళముల పొడవుండును. మగది నిగనిగలాడు నలుపు, కన్ను ఎరుపు, ముక్కు లేతపచ్చన. ఆడుది గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలు గలది. దానిని నేను చాలకాలము వేఱొక జాతియని భ్రమించితిని. వసంతమున మనము విను "కూ" యను కూత మగదానిదే. ఆడుది "కిక్ కిక్" మని యఱచును.

చాతకము చిన్నది, సుమారు 13 అంగుళములు. వీపు నలుపు, రొమ్ము తెలుపు, తలపై నిక్కిన నల్లని కుచ్చు. ఎగురునపుడు ఱెక్కపై తెల్లని మచ్చ కనబడును. ఆడుమగలకు రూపభేదము లేదు. కావున కుచ్చును, తెల్లని రొమ్మును చూచినచో సంశయముండదు.

కాకిగూట పెరుగునని కోకిలను పరభృతమనిరి. వానచినుకులనే త్రాగునని చాతకమును కొనియాడిరి. ఇచ్చట మనము న్యాయము తప్పరాదు. చాతకము సైతము పరుల గూటనే గ్రుడ్లిడును. నేలపై గుంపుగా గెంతుచు ఆకులు తిరుగవేయు మట్టిరంగు పిట్టలే దాని పిల్లలను పెంచును. ఆ పిట్టల గ్రుడ్లవలెనే దాని గ్రుడ్లును నీలముగా నుండును. దాని ముఖ్యాహారము గొంగళిపురుగులు. కోకిలకు మఱ్ఱి, రావి పండ్లు ప్రియము.

చేను చూడక అడంగలు వ్రాయుట యెట్లు తప్పో, పిట్టను చూడక తీర్పు చెప్పుటయు నట్లే. గ్రంథము చదివి తోటకు పొండు. తోట చూచి మరల గ్రంథమునకు రండు.