కార్డు కనబడలేదా? కంగారు పడకండి



ఈ పూట మనం ముచ్చటించుకోబోయే వస్తువు బొటనవేలి గోరంత వుంటుంది. అదే, ఫోనులో పెట్టుకునే మెమరీ కార్డు. చూడటానికి ఇంతే గాని, పిల్లవాడి అన్నప్రాశన ఫోటోలు, అమ్మాయి పెళ్ళి వీడియో, కాలం చేసిన అమ్మ మాటలు, అన్నీ అందులోనే దాచుకుంటున్నాం. ఒకనాడు తీరిక చేసుకుని, వాటిని కంప్యూటరులోకి ఎక్కిద్దామని కూర్చుంటాం. కార్డు పెడతాం. కంప్యూటరు ఉలకదు, పలకదు. లేదంటే, "ఈ కార్డు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది.

అక్కడే జాగ్రత్త పడాలి సుమండీ! ఆ ప్రశ్నకు సరే అనకండి. ఫార్మాట్ చేయడమంటే కార్డును ఖాళీ చేసి కొత్తదానిలా సిద్ధం చేయడం. కంప్యూటరుకు కావలసింది పనికివచ్చే కార్డు. మనకు కావలసింది అందులో వున్న ఫోటోలు. రెండూ ఒకటి కావు గదా! "వద్దు" అనే మీట నొక్కి, నెమ్మదిగా కారణం వెతుకుదాం.

మొదట చేయవలసింది, కార్డును మళ్ళీ ఏ ఫోనులోంచి తీశామో ఆ ఫోనులోనే పెట్టి చూడటం. తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ ఫోను ఆపివేయడం మంచిది. ఫోనులో ఫోటోలు మామూలుగా కనబడితే గుండె దిటవు చేసుకోవచ్చు. కార్డు బాగానే వున్నట్టు. లోపం దానికీ కంప్యూటరుకీ నడుమ ఎక్కడో వుంది.

అటువంటప్పుడు కార్డు బయటకు తీయకుండా, ఫోనునే వైరుతో కంప్యూటరుకు కలపండి. ఇందులో రెండు చిక్కులున్నాయి. కొన్ని వైర్లు చార్జింగుకు మాత్రమే పనికివస్తాయి, వాటిలో ఫోటోలు ప్రయాణించవు. మరొక వైరు పెట్టి చూడండి. రెండవది, ఫోను లాక్ తీసి, పైనుంచి కిందికి వేలితో లాగితే "చార్జింగ్" అని ఒక సూచన కనబడుతుంది. దాన్ని తాకి, "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అన్నదానికి మార్చాలి. మనం ఇలా అనుమతి ఇస్తే గాని ఫోను తన గుట్టు కంప్యూటరుకు చెప్పదు.

ఇక కార్డును అడాప్టరులోనో, కార్డు రీడరులోనో పెట్టి చూసేవారి సంగతి. కార్డు వెనుక బంగారు రంగు రేకులుంటాయి. వాటికి చేతి జిడ్డు, దుమ్ము పట్టినా కార్డు పలకదు. మెత్తని పొడిగుడ్డతో సుతారంగా తుడవండి. నీళ్ళు తగలనీయవద్దు, పిన్నీసుతో గీకవద్దు. తరువాత వేరొక రీడరుతో, కంప్యూటరుకున్న వేరొక రంధ్రంలో ప్రయత్నించండి. రీడరు మరీ పాతదైతే పెద్ద కార్డులను చదవలేదు. 2 జీబీ దాకా ఒక రకం, ఆపైన 32 దాకా ఇంకొక రకం, 32 దాటితే మరొక రకం. పాత రీడరుకు కొత్త రకం అర్థం కాదు. అది కార్డు తప్పు కాదు.

ఒక్కొక్కప్పుడు కంప్యూటరు కార్డును గుర్తిస్తుంది గాని, సి, డి అని ఇచ్చినట్లు దానికి ఒక అక్షరం ఇవ్వడం మరచిపోతుంది. విండోస్ గుర్తున్న మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కితే వచ్చే జాబితాలో "డిస్క్ మేనేజ్‌మెంట్" వుంటుంది. అక్కడ కార్డు ఎన్ని జీబీలదో చూసి గుర్తుపట్టి, మౌసు కుడిమీట నొక్కి, డ్రైవ్ లెటర్ మార్చే చోట ఒక అక్షరం ఇస్తే చాలు. ఆ పక్కనే ఫార్మాట్, డిలీట్ అనే మాటలు కూడా వుంటాయి. వాటి జోలికి పోకండి. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లలో కార్డును ఫోను సొంత మెమరీలో భాగంగా కలుపుకునే వీలు వచ్చింది. అలా కలిపితే ఫోను ఆ కార్డులోని వాటినన్నిటినీ రహస్యలిపిలోకి మార్చేస్తుంది. దాని తాళంచెవి ఆ ఫోనులోనే వుంటుంది. అందుకే కంప్యూటరుకు ఆ కార్డు చదవరానిదిగా తోచి, ఫార్మాట్ చేయమంటుంది. ఆ ఫోనులో పెట్టగానే మళ్ళీ అన్నీ కనబడతాయి. కనుక, పాత ఫోను మార్పిడికి ఇచ్చి కొత్తది తెచ్చుకునే ముందు, కార్డు మన దగ్గరే వుంది గదా అని నిశ్చింతగా వుండకండి. పాత ఫోనును తుడిచివేస్తే తాళంచెవి కూడా పోతుంది. ఇక ఎవరూ ఆ పెట్టె తెరవలేరు. ఫోటోలు బయటకు తీసుకున్న తరువాతే ఫోను ఇవ్వండి.

ఒకవేళ ఎవరో తొందరపడి ఫార్మాట్ చేసేశారనుకోండి. అప్పుడు కూడా ఆశ వదలనక్కరలేదు. చాలాసార్లు చెరిగిపోయేది పుస్తకంలో విషయసూచికే, పుటలు అలాగే వుంటాయి. కాని కొత్త ఫోటో తీస్తే అది పాత పుటమీదే అచ్చవుతుంది. అందుచేత వెంటనే కార్డు తీసి పక్కన పెట్టండి. ఫోటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఇటువంటి ఫోటోలను వెలికితీస్తాయి. దొరికినవాటిని అదే కార్డులో కాక, కంప్యూటరులో దాచాలి. ఏ ఫోనులోనూ, ఏ రీడరులోనూ కార్డు పలకకపోతే మాత్రం అది దెబ్బతిన్నదనే అనుకోవాలి. అప్పుడు దుకాణానికి ఇవ్వవలసి వస్తే, అందులో మన ఇంటి ఫోటోలున్నాయని మరువకండి. నమ్మకమైన చోటనే ఇచ్చి, దగ్గరుండి పని చేయించుకోండి.

చివరగా ఒక్క మాట. మెమరీ కార్డు సంచి వంటిది గాని భోషాణం కాదు. ఇక్కడి నుంచి అక్కడికి మోసుకుపోవడానికి బాగుంటుంది, ఏళ్ళ తరబడి దాచుకోవడానికి కాదు. చవకగా దొరికే నకిలీ కార్డుల్లో, పైన రాసినంత చోటు లోపల వుండదు. అది నిండగానే ఫోటోలు పాడవుతాయి. అందుకని ముఖ్యమైన ఫోటోలు రెండు చోట్ల వుండాలి. కంప్యూటరులో ఒకటి, విడిగా హార్డ్ డిస్కులో మరొకటి. నగలకు బీరువా, బియ్యానికి డబ్బా ఏర్పాటు చేసుకున్న మనం, అమ్మ గొంతుకు ఒక చోటు చూడలేమా? ఈ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆ పనికి కేటాయించండి.