తపాలా గది నుంచి పారమౌంట్ దాకా

అమెరికాలో స్టూడియో అధిపతులంటే సినిమాల్లోనే పండినవాళ్లనుకుంటాం. బారీ డిల్లర్‌కు మాత్రం బడి టీవీ సినిమాయే. కళాకారులకు అవకాశాలు చూసే విలియం మోరిస్ ఏజెన్సీ తపాలా గదిలో మొదలై, టీవీ నెట్‌వర్క్ ఏబీసీలో చేరి, 1969లో ‘మూవీ ఆఫ్ ద వీక్’కు రూపమిచ్చారు. వారానికో కొత్త సినిమా. ప్రకటనలతో కలిపి గంటన్నర, పైన నిమిషం దొరకదు. స్పీల్‌బర్గ్ ‘డ్యూయల్’ (1971) ఆ కోవలోదే: ఒక కారు, వెంటపడే లారీ, ఎడారి రోడ్డు. అంతే! చిన్న ఖర్చులో నిలబడే కథను పసిగట్టడం, గడువు తప్పకపోవడం అక్కడే ఒంటబట్టాయి. 1974లో, 32 ఏళ్లకే, పారమౌంట్ స్టూడియో పగ్గాలు అందుకున్నారు.

తెలిసినవాళ్ల మాటసాయం లేకుంటే ఆ తపాలా గదైనా దక్కేదా అంటారు. దక్కేది కాదేమో. అయితే మంగళవారం రాత్రి ప్రసారానికి సినిమా సిద్ధం కావాలంటే సిఫార్సు చాలదు. ఆయన 1976లో పారమౌంట్‌కు తెచ్చుకున్నదీ ఏబీసీలో పనిచేసిన మైఖేల్ ఐస్నర్‌నే. 1984లో డిస్నీ ఐస్నర్ చేతికొచ్చింది.